కారు ప్రయాణంలో శిశువు భద్రత: బోడినాయకనూరు దారులు

తమిళనాడు తేని జిల్లాలో పడమటి కనుమల పాదాన ఉన్న బోడినాయకనూరు ఏలకుల వ్యాపారానికి పేరుపొందిన పట్టణం. మదురై నాయక రాజుల కాలం నుంచి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. పురిటికి పుట్టింటికి వచ్చిన కూతురు నెలల బిడ్డతో అత్తవారింటికి బయలుదేరినప్పుడు తూర్పున తేని మీదుగా మదురై వైపు గాని, పడమట బోడిమెట్టు మీదుగా మున్నారు వైపు గాని 85వ జాతీయ రహదారి పట్టవలసి ఉంటుంది.

ఇలాంటి ప్రయాణాలలో శిశువు సాధారణంగా తల్లి ఒడిలోనో అమ్మమ్మ ఒడిలోనో ఉంటుంది. ఆ పట్టు ఎంత ప్రేమగలదైనా ప్రమాద సమయంలో నిలవదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేనినైనా ఢీకొని సెకనులో పదో వంతు కాలంలో ఆగితే, 6 కిలోల బిడ్డను ఆపి ఉంచడానికి సగటున 85 కిలోల బరువుకు సమానమైన బలం కావాలి. బెల్టు పెట్టుకోని పెద్దవారైతే తామే ముందుకు విసిరివేయబడి, బిడ్డను తమ శరీరానికీ ముందు సీటుకూ మధ్య నలిపివేసే ప్రమాదం ఉంది. ఒకే బెల్టును ఇద్దరికీ కలిపి చుట్టడం కూడా ఇంతే హానికరం.

అందువల్ల శిశువుకు ప్రత్యేకంగా, కారు వెనక వైపుకు ముఖం ఉండేలా అమర్చే సీటు అవసరమవుతుంది. నవజాత శిశువు శరీరపు పొడవులో తలే దాదాపు నాలుగో వంతు ఉంటుంది, మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. ఎదురుగా ఢీకొన్నప్పుడు ఇటువంటి సీటు వీపును, మెడను, తలను ఒక్కసారిగా మోసి దెబ్బను పంచుతుంది. ఈ పద్ధతికి తొలి నమూనాను 1964లో స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ రూపొందించారు. కార్లలో పిల్లల సీట్లు ఏడాదిలోపు శిశువుల మరణ ప్రమాదాన్ని 71 శాతం తగ్గిస్తాయని అమెరికా రహదారి భద్రతా సంస్థ అంచనా. సీటును వెనక వరుసలోనే బిగించడం మేలు. పనిచేస్తున్న ఎయిర్‌బ్యాగు ఉన్న ముందు సీటులో దీనిని ఎన్నడూ పెట్టరాదు, ఎందుకంటే విచ్చుకునే సంచి నేరుగా బిడ్డ తల వెనక భాగాన్ని కొడుతుంది.

భారతదేశంలో 2019 మోటారు వాహనాల సవరణ చట్టం 194బి సెక్షన్ ప్రకారం, 14 ఏళ్లలోపు పిల్లలను సీటు బెల్టుతో గాని పిల్లల సీటుతో గాని కట్టి ఉంచకపోతే 1,000 రూపాయల జరిమానా విధిస్తారు.

బోడిమెట్టు ఘాట్‌లో 17 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. ప్రతి మలుపులో ఒరిగే కారులో సీటు వదులుగా ఉంటే బిడ్డ తల పక్కకు జారి గడ్డం ఛాతీకి ఆని శ్వాస ఆడకపోవచ్చు. కనుక సీటును వెనక్కి వాలి ఉండేలా, తయారీదారు చూపిన కోణంలో గట్టిగా అమర్చాలి, పట్టీలు భుజాల ఎత్తున గాని కాస్త కింద గాని నుంచి రావాలి. మున్నారు చలికి భయపడి మందపు స్వెట్టర్ తొడిగితే పట్టీ వదులవుతుంది. దుప్పటిని పట్టీలు బిగించాక పైన కప్పడమే సరైన పద్ధతి. ఎత్తు మారేటప్పుడు చెవులు మూసుకుపోతాయి, పాలు మింగితే ఉపశమనం కలుగుతుంది, అయితే పాలివ్వడానికి బిడ్డను కారు ఆపిన తర్వాతే పట్టీలు విప్పి తీయాలి. చిన్న శిశువును రెండు గంటలకు మించి ఏకబిగిన సీటులో ఉంచకుండా ఎత్తుకుని సేదదీర్చడం మంచిది. కింద తేని మైదానంలో వేసవి వేరే ముప్పు తెస్తుంది: మూసి ఉన్న కారు నిమిషాలలో వేడెక్కుతుంది, శిశువు శరీరం పెద్దల కంటే వేగంగా కాగుతుంది, కాబట్టి ఐదు నిమిషాల పనికైనా బిడ్డను కారులో ఒంటరిగా విడువరాదు.

ఏలకుల తోటలకు కూలీలను తీసుకెళ్లే జీపులలో ఎదురెదురు బెంచీలుంటే శిశువు సీటును భద్రంగా బిగించే వీలుండదు. చేతిలో పసిబిడ్డ ఉన్న తల్లికి అవి తగినవి కావు. మదురై వైపు వెళ్లేవారికి 2023 జూన్‌లో బోడినాయకనూరు వరకు మళ్లీ మొదలైన రైలు మెరుగైన దారి. ఇక ఉయ్యాల తరతరాలుగా చేతులు మారినట్టు కారు సీటును బంధువుల నుంచి తీసుకునేటప్పుడు అది ఎన్నడూ ప్రమాదానికి గురికాలేదని, తయారీదారు ముద్రించిన గడువు దాటలేదని, పట్టీలలో ఏదీ లోపించలేదని నిర్ధారించుకోవాలి.