తేలు నాడి నేర్పిన పాఠము

రామచంద్రపురములో మా కళాశాల చూడవచ్చిన పదవ తరగతి విద్యార్థి ఒకడు నన్ను ఇట్లు అడిగినాడు: "మాస్టారూ, మెదడు గురించి చదవాలని ఉందండి. లెక్కల గ్రూపు తీసుకోవాలాండి, జీవశాస్త్రం గ్రూపా?" వెంటనే జవాబు చెప్పలేకపోయినాను. ఒక తలుపు తెరచిన రెండవది శాశ్వతముగా మూసుకొనునేమో అని అతని భయము. అది నిరాధారమైన భయము కాదు. జవాబు కొరకు ఈ శాస్త్ర చరిత్రనే తిరగవేయవలసి వచ్చినది.

నాడీ విజ్ఞానము ఏ ఒక్క శాస్త్రపు ఇంటనో పుట్టినది కాదు. విద్యుత్తు తగిలిన కప్పకాలి కండరము ముడుచుకొనుటను గురించి ఇటలీలో గాల్వానీ 1791లో ప్రకటించినాడు. 1850లో జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ భౌతికశాస్త్ర పద్ధతులతో కప్ప నాడిలో సందేశపు వేగమును కొలిచినాడు. అది సెకనుకు సుమారు 27 మీటర్లు. 1921లో ఆటో లోవీ ఒక కప్ప గుండెకు పోవు నాడిని ప్రేరేపించి, ఆ గుండె కొట్టుకొనుట మందగింపజేసినాడు. దానిని తడిపిన ద్రవమును రెండవ గుండెకు అందించగా అదియు మందగించినది! నాడి తన కబురును రసాయనము ద్వారా పంపునని తేలినది. ఆ రసాయనమే ఎసిటైల్‌కోలీన్. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనువారు స్క్విడ్ అను సముద్రజీవి నాడిలోని విద్యుత్ప్రవాహమును గణిత సమీకరణములలో ఇమిడ్చినారు. ఆ లెక్కలను హక్స్‌లీ చేతితో త్రిప్పు గణన యంత్రముపై చేసినాడు.

ఇదంతా పరదేశముల ముచ్చట అనుకొనవలదు. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసినది. అచ్చటి జంతుశాస్త్ర శాఖలో పనిచేసిన కందుల పంపాపతిరావుగారు అంతకుముందు అమెరికాలో థియోడర్ బుల్లక్ అను ప్రసిద్ధ నాడీశాస్త్రజ్ఞునితో కలిసి పరిశోధన చేసినవారు. తిరుపతిలో వీరి దృష్టి మండ్రగబ్బ జాతి తేలుపై పడినది. పగలు కలుగులో దాగి, చీకటి పడగానే తిరుగాడు ఈ జీవికి వేళ తెలుపునది ఏమి?

1967లో పంపాపతిరావు, గోపాలకృష్ణారెడ్డిగారలు 'నేచర్' పత్రికలో, జీవుల దినచర్యలోని లయకు సంబంధించిన అంశములు రక్తములోను ఉండునని వ్రాసినారు. 1968లో వెంకటాచారి, మురళీకృష్ణదాస్‌గారలు తేలు నాడీరజ్జువులో కోలినెస్టరేస్ అను ఎంజైము చురుకుదనము కూడ ఒక లయననుసరించి హెచ్చుతగ్గులగునని ప్రకటించినారు. ఎసిటైల్‌కోలీన్ పని ముగియగానే దానిని విడగొట్టునది ఈ ఎంజైమే. అది లేనిచో నాడి కబురు ఆగదు.

ఒక్క తేలును అర్థము చేసికొనుటకు ఎన్ని శాస్త్రములు కావలసినవో చూడుడు! దాని నడవడి జంతుశాస్త్రము, ఎంజైము రసాయనశాస్త్రము, నాడిలోని విద్యుత్తు భౌతికశాస్త్రము, లయను లెక్కగట్టునది గణితము. తేలుకు మన గ్రూపుల సంగతి తెలియదు.

ఈ సత్యమును గుర్తించియే 1969లో అమెరికాలో నాడీశాస్త్రజ్ఞుల సంఘము ఏర్పడినది. అటుపిమ్మట కొన్ని కళాశాలలు న్యూరోసైన్సును డిగ్రీ చదువుగానే బోధింపసాగినవి. జీవ, రసాయన, భౌతిక, గణిత, మనస్తత్వ శాస్త్రములను అందులో ఒకే ప్రశ్న చుట్టు చేర్చి చెప్పుదురు. అయితే ఇందులో ఒక ప్రమాదమున్నది. అన్నిటిని రుచిచూచి దేనిని జీర్ణించుకొనని విద్యార్థి పరిశోధనకు కొరగాడు. తిరుపతివారు మొదట గట్టి జంతుశాస్త్రజ్ఞులు. ఆ పిమ్మటనే ఇరుగుపొరుగు శాస్త్రముల తలుపు తట్టినారు.

మరునాడు ఆ విద్యార్థికి ఇట్లు చెప్పితిని: "నీకు ఇష్టమైన గ్రూపే తీసుకో బాబూ. వేరు ఒకచోట లోతుగా పోనీ. కాని రెండవ గ్రూపు పుస్తకం మాత్రం అటకెక్కించకు." ఉపాధ్యాయ మిత్రులారా! ఆ రెండవ పుస్తకము తెరచి ఉంచవలసిన బాధ్యత విద్యార్థిది మాత్రమే కాదు, మనది కూడ.