పసుపు ఫ్యూచర్స్: పెద్ద పెట్టుబడి, మైదుకూరు రైతు

పసుపు రకాల పట్టికలో దుగ్గిరాల, ఆర్మూరు, టేకూరుపేటల సరసన కడప జిల్లా మైదుకూరు పేరు కూడా ఉంటుంది. తొమ్మిది నెలలు నేలలో ఉండే పంట ఇది. దాని ధర మాత్రం కడప మార్కెట్ యార్డులోనే తేలిపోదు. నిజామాబాద్ రేటు, దానిని ఆధారం చేసుకుని సరుకుల ఎక్స్ఛేంజీ ఎన్‌సీడీఈఎక్స్‌లో నడిచే ఫ్యూచర్స్ (రాబోయే తేదీకి ముందే కుదుర్చుకునే ఒప్పందాల) రేటు వ్యాపారుల లెక్కల్లో ముందే చేరి ఉంటాయి.

2010లో క్వింటాలు 16,000 రూపాయలు దాటిన పసుపు 2012 తొలినాళ్లకు 4,000 దరిదాపులకు పడిపోయింది. తప్పంతా ‘ఆన్‌లైన్ వ్యాపారానిదే’, అంటే ఫ్యూచర్స్‌దే అన్న మాట రైతుల్లో బలంగా ఉంది. పూర్తిగా కొట్టిపారేయలేం, అలాగని రుజువైందనీ అనలేం. ధర చూసి రైతులు సాగు పెంచారు, సరుకు పోటెత్తింది. ఫ్యూచర్స్ లేని పంటల్లోనూ ఇదే జరుగుతుంది; ఉల్లి రైతును అడిగితే చెబుతాడు.

పంటల ధరల మీద ఫ్యూచర్స్ ప్రభావం ఎంతో తేల్చడానికి అంతకు ముందే, 2007లో వేసిన అభిజిత్ సేన్ కమిటీ, ఆ ప్రభావాన్ని మామూలు ధరల చక్రం నుంచి విడదీయడానికి అందుబాటులో ఉన్న కాలం చాలదంది. 2021 డిసెంబరులో మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఆవాలు, సోయా, ముడి పామాయిల్ సహా ఏడు సరుకుల ఫ్యూచర్స్ ఆపింది. తరువాతి వసంతంలో ఉక్రెయిన్ యుద్ధంతో వంటనూనెలు మరింత మండాయి. ఫ్యూచర్స్ ఆపితే ధర దిగుతుందనే వాదానికి అది అనుకూలమైన సాక్ష్యం కాదు.

ఫ్యూచర్స్ ధరను పుట్టించవు, దాని వేగాన్ని పెంచుతాయన్నది నా అంచనా. ఒప్పందం విలువలో పది శాతమే మార్జిన్‌గా కట్టి కొన్నవాడికి ధర పది శాతం పడితే పెట్టిందంతా పోయినట్టే. అదనపు మార్జిన్ కట్టకపోతే బ్రోకరే ఒప్పందాన్ని వదిలించుకుంటాడు. ఆ అమ్మకం ధరను ఇంకా దించి మరొకరి మార్జిన్‌ను మింగుతుంది. పెద్ద మదుపరికి కట్టడానికి సొమ్ముంటుంది, చిన్నవాడికి ఉండదు.

బిట్‌కాయిన్‌లో ఇది ఇంకా నగ్నంగా కనిపిస్తుంది. 2017 డిసెంబరులో షికాగోలో ఫ్యూచర్స్ మొదలైన రోజుల్లోనే ధర 20,000 డాలర్ల అంచుకు వెళ్లి తిరగబడింది. ధర పడుతుందని నమ్మినవారికి పందెం కాసే దారి అప్పుడే దొరికిందని శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ రిజర్వ్ పరిశోధకులు 2018లో వాదించారు. ఒకే ఒక్క ఘటన మీద కట్టిన వాదం కాబట్టి దాన్ని ఆ మేరకే తీసుకోవాలి. 2025 అక్టోబరు 10 ఉదంతం మరింత సూటిగా ఉంది: క్రిప్టో మార్కెట్‌లో ఒక్క రోజులో 1,900 కోట్ల డాలర్లకు పైగా విలువైన, అప్పుతో కాసిన పందేలు బలవంతంగా మూతపడ్డాయి. క్రిప్టోలో గడువే లేని ఒప్పందాలు ఎక్కువ. పసుపుకు గడువు తేదీ ఉంది, గోదాములో సరుకు అప్పగించాల్సిన రోజుంది. ధర నేల విడిచి ఎంతో దూరం పోకుండా పట్టి ఉంచేది అదే.

అయితే ఆ గోదాము నిజామాబాద్‌లో, మైదుకూరుకు ఐదువందల కిలోమీటర్ల అవతల. ఒక్కో ఒప్పందం 5 టన్నులు; ఎకరాకు పాతిక క్వింటాళ్ల ఎండు పసుపు వేసుకున్నా రెండెకరాల పంట. నాణ్యత పరీక్ష, రవాణా, రోజూ కట్టాల్సిన మార్జిన్ దీనికి అదనం. 2023 మేలో క్వింటాలు 7,000 రూపాయల దగ్గరున్న పసుపు ఫ్యూచర్స్ ధర ఆగస్టుకు రెట్టింపు దాటింది. కడప వైపు పసుపు ఉడకబెట్టి, ఆరబెట్టి అమ్మకానికి తెచ్చేది సంవత్సరం తొలి నెలల్లో. ఆ ఆగస్టు లాభం ఎక్కువగా నిల్వ పెట్టుకోగలిగినవారిది, ఒప్పందాలు చేతిలో ఉన్నవారిది.