తలుపు మూయని ఇల్లు

పశ్చిమ లండన్‌లోని చిజిక్. బెల్‌మాంట్ టెరస్‌లో రెండో నంబరు ఇల్లు. కింద రెండు గదులు, పైన రెండు గదులు, అంతే. 1971లో ఎరిన్ పిజ్జీ, ఆమె స్నేహితురాళ్లు ఆ పాత ఇంటిని స్థానిక కౌన్సిల్ నుంచి నామమాత్రపు అద్దెకు తీసుకున్నారు. చంటిపిల్లల తల్లులు పగటిపూట వచ్చి, టీ తాగి, కష్టసుఖాలు చెప్పుకునే చోటొకటి ఉండాలన్నదే వాళ్ల ఆలోచన.

ఒకరోజు ఒక స్త్రీ వచ్చి ఒంటి మీది దెబ్బలు చూపించింది. తనకు ఎవరూ సాయం చేయడం లేదంది. ఆమెను తిరిగి ఆ కొట్టే చేతుల్లోకే పంపడానికి పిజ్జీకి మనసొప్పలేదు.

ఆ నోటా ఈ నోటా కబురు పాకింది. పిల్లల్ని చంకనెత్తుకుని, కట్టుబట్టలతో ఆడవాళ్లు రావడం మొదలైంది. నేలంతా పరుపులు పరిచారు. వంట, శుభ్రం, పిల్లల ఆలనాపాలనా అందరూ పంచుకున్నారు. అప్పటిదాకా పోలీసులకు భర్త కొట్టడమంటే ఆలుమగల గొడవ. భర్తను వదిలి వచ్చినామెకు ఇల్లిచ్చే బాధ్యత తమది కాదని తప్పించుకున్న కౌన్సిళ్లూ ఉన్నాయి. అందుకే ఆ నాలుగు గదులకు అంత తాకిడి.

‘మెల్లగా అరువు, లేకుంటే ఇరుగుపొరుగు వింటారు’ అనే అర్థమిచ్చే పేరుతో పిజ్జీ 1974లో పుస్తకం రాశారు. గుట్టుగా దాచిన బాధ వీధిలోకి వచ్చింది. అదే ఏడాది దేశంలోని దాదాపు 40 ఆశ్రయ కేంద్రాలు కలిసి జాతీయ సమాఖ్యగా ఏర్పడ్డాయి. పిజ్జీకి మాత్రం స్త్రీవాద ఉద్యమంతో తీవ్రమైన విభేదాలు వచ్చాయి, ఆమె దారి వేరైంది. ఉద్యమం ఆగలేదు.

చిజిక్ కేంద్రం అప్పటికే హైరోడ్డులోని పెద్ద ఇంటికి మారింది. వచ్చినవాళ్లెవరినీ గుమ్మంలోంచి వెనక్కి పంపకూడదన్నది అక్కడి నియమం. ఆ నియమమే కోర్టుకెక్కింది. 36 మందికి మించి ఉండకూడదని అధికారులు ఆదేశిస్తే, 1976 జూలైలో లోపల 75 మంది ఉన్నారు. మేమంతా ఒకే కుటుంబమని పిజ్జీ తరఫున వాదించారు. ఆ వాదన ప్రభువుల సభ (హౌస్ ఆఫ్ లార్డ్స్) దాకా వెళ్లి, అక్కడ ఓడిపోయింది.

ఆ ఇల్లు కేసు ఓడింది కానీ, చట్టాలు దాని బాటలోకే వచ్చాయి. కొట్టేవాణ్ని ఇంటికి దూరంగా ఉంచేలా ఆదేశాలిచ్చే అధికారాన్ని 1976 నాటి చట్టం స్థానిక కోర్టులకు ఇచ్చింది. పెళ్లి కాకుండా కలిసి ఉంటున్న స్త్రీలకూ అది వర్తించింది. హింసకు భయపడి ఇల్లు విడిచినవాళ్లను నిరాశ్రయులుగా గుర్తించాలని 1977లో మరో చట్టం చెప్పింది. చిజిక్ సంస్థ ఇప్పుడు ‘రెఫ్యూజ్’ పేరుతో పనిచేస్తోంది.

మన దేశంలో గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. బాధితురాలు గానీ, ఆమె తరఫున రక్షణాధికారి గానీ కోరితే వసతి గృహం ఆశ్రయం ఇచ్చి తీరాలని అందులోని ఆరో సెక్షన్ చెబుతోంది. చాలామందికి ఈ సంగతి తెలియదు. పక్కింట్లో ఏడుపు వినిపిస్తే ‘మనకెందుకులే’ అనుకోకండి. ఆంధ్రప్రదేశ్‌లోనైనా, తెలంగాణలోనైనా మహిళా హెల్ప్‌లైన్ నంబరు 181. ఆ మూడంకెలు ఆమె చెవిన వేయండి.