ఆడని వాళ్లకూ ఆట తగులుతుంది



పోటీకి బయల్దేరే రోజు పిల్లల్ని ఎప్పుడైనా గమనించారా? ఇడ్లీలు ముందు పెడితే ముట్టరు. చేతులు పట్టుకుంటే చల్లగా ఉంటాయి. మనమేమో "భయపడకురా" అని ఒక మాట అనేసి ఊరుకుంటాం. మరి ఆ భయం మనసులో మాత్రమే ఉందా, ఒంట్లోకి కూడా దిగిందా? ఈ సంగతి తేల్చడానికి శాస్త్రజ్ఞులు చాలా ఏళ్లే శ్రమపడ్డారు. ఇవాళ నేను చెప్పబోయేది ఆ కథే.

మన రెండు మూత్రపిండాల మీద టోపీలు పెట్టినట్టు రెండు చిన్న గ్రంథులుంటాయి. వాటి పేరు అడ్రినల్ గ్రంథులు. వాటిలో ఊరే అడ్రినలిన్‌ను విడదీసినట్టు 1901లో ప్రకటించినవాడు తకమినే అనే జపాను రసాయన శాస్త్రవేత్త. అప్పటికాయన అమెరికాలో ఉంటున్నాడు. ఇలాంటి పదార్థాలకు "హార్మోను" అనే పేరు 1905లో లండనులో స్టార్లింగు పెట్టాడు.

అమెరికాలోనే హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ కానన్ అని ఒక ఆచార్యుడుండేవాడు. 1911లో ఆయన ఒక పిల్లి ఎదుట మొరిగే కుక్కను నిలబెట్టించాడు. కుక్క పిల్లిని తాకనైనా తాకలేదు. అయినా పిల్లి నెత్తురులో అడ్రినలిన్ కనిపించింది! ఆ అడ్రినలిన్ ఏం చేస్తుందో తెలుసా? కాలేయంలో దాచి ఉన్న చక్కెరను నెత్తురులోకి వదిలిస్తుంది. పోట్లాడాలన్నా పారిపోవాలన్నా కండరాలకు బలం కావాలి కదా, అందుకన్నమాట. ఆ చక్కెర మరీ ఎక్కువైతే మూత్రంలో కూడా దిగుతుంది.

పిల్లి సంగతి సరే, మనిషి మాటేమిటి? 1913లో హార్వర్డ్ ఫుట్‌బాల్ జట్టుకు ఆ ఏటి ఆఖరి పోటీ జరిగింది. ఇది మనమెరిగిన ఫుట్‌బాల్ కాదండోయ్, బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికా ఆట. ఆట అయిన వెంటనే కానన్, ఆయన సహచరుడు ఫిస్క్ కలిసి 25 మంది ఆటగాళ్ల మూత్రం పరీక్షించారు. 12 మందిలో చక్కెర కనిపించింది. అసలు వింత ఏమిటంటే, ఆ 12 మందిలో 5గురు మైదానంలో అడుగే పెట్టలేదు! పిలుపు వస్తుందేమోనని పక్కన కాచుకుని కూర్చున్న ఎక్స్‌ట్రాలు వాళ్లు. ఉద్రేకంగా ఆట చూసిన ఒక ప్రేక్షకుణ్ణి పరీక్షిస్తే ఆయనకీ చక్కెర కనిపించింది, మర్నాటికి మళ్లీ మాయమైంది.

అంటే ఒంటిని కదిలించింది ఒక్క పరుగే కాదు, ఆత్రుత కూడా. కానన్ తన పుస్తకంలో వైద్య విద్యార్థుల ముచ్చట కూడా చెప్పాడు. కష్టమైన పరీక్ష రాసి వచ్చిన 9 మందిలో నలుగురికి చక్కెర కనిపించింది. తేలిక పరీక్ష తర్వాత ఒక్కరికే. ఇక మన పిల్లలు పరీక్షనాడు అన్నం సహించడం లేదంటే అది వేషమని ఎలా అనుకుంటాం, చెప్పండి?

ఇక గెలుపు ఓటముల సంగతి. 1980లో మజూర్, లాంబ్ అనే ఇద్దరు అమెరికన్లు టెన్నిస్ ఆడిన మగవాళ్ల నెత్తురు పరీక్షించారు. స్పష్టంగా గెలిచినవాళ్లలో టెస్టోస్టిరోన్ అనే హార్మోను పెరిగింది. లాటరీలో డబ్బు వచ్చిన వాళ్లలో అలా పెరగలేదు. తన కష్టంతో గెలిచానన్న తృప్తి వేరు, అదృష్టం కలిసిరావడం వేరు అన్నమాట. తర్వాత జరిగిన పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పలేదు, ఆడవాళ్ల విషయంలో మరీను.

ఆడవాళ్లంటే గుర్తొచ్చింది. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లు పరుగెత్తిన స్త్రీలు అలసిపోయారని పత్రికలు గగ్గోలు పెట్టాయి. అంతే, ఆ పందెం తీసేశారు. మళ్లీ పెట్టింది 1960లో, రోములో! ఆడదాని ఒళ్లు ఓర్చుకోలేదన్నది ఆనాటి వాదన. అది తప్పని తర్వాతి తరం పరుగెత్తి చూపించింది.

అయితే నిజంగా జాగ్రత్తపడవలసింది ఇంకొకటుంది. క్రీడల్లో ఉన్న ఆడపిల్లల్లో ఒకదానితో ఒకటి ముడిపడిన మూడు చిక్కులను 1992లో అమెరికా క్రీడా వైద్యులు కలిపి గుర్తించారు. తిండి సరిగా తినకపోవడం, నెలసరి ఆగిపోవడం, ఎముకలు గుల్లబారడం. ఖర్చయ్యే శక్తికి తగినంత తిండి లేకపోతే మెదడు పొదుపు మొదలుపెడుతుంది. పీయూష గ్రంథికి వెళ్లే సంకేతాలు తగ్గుతాయి, ఈస్ట్రోజన్ తగ్గుతుంది, ఎముక బలం పోతుంది. తిండి చాలకపోతే మగపిల్లలకూ హాని ఉందని 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు చెప్పారు.

కాబట్టి, అమ్మాయి ఆటల్లో ఉండగా నెలసరి మూడు నెలలు రాకపోతే "పోనీలే, పీడా విరగడైంది" అనుకోకండి. "ఒళ్లు తగ్గితే ఇంకా బాగా పరుగెత్తుతావు" అని ఎవరైనా అంటే ఆ మాట చెవిన పెట్టకండి. డాక్టరుకు చూపించండి, కడుపు నిండా పెట్టండి. ఆట మాత్రం మాన్పించకండి. 32 ఏళ్లపాటు ఒకసారి మాన్పించి చూశారు కదా, ఆ పని మళ్లీ మన ఇంట్లో మనం చేయవద్దు.