పారదర్శక చిత్రాలు: వెబ్‌సైటుకు ఏ ఫార్మాట్ తగినది?

సంఘం గుర్తు, గుడి గోపురం బొమ్మ, పాఠశాల పేరు రాయించిన శీర్షిక వంటివాటిని వెబ్‌సైటులో ఉంచినప్పుడు చుట్టూ తెల్లని డబ్బా కనబడితే చూపరులకు వెగటు కలుగుతుంది. బొమ్మ మాత్రమే నిలిచి, వెనుకనున్న రంగు యథాతథంగా కనిపించే గుణాన్ని పారదర్శకత అంటారు. బళ్లారి, హోసూరు, బరంపురం, యానాం వంటి చోట్ల తరతరాలుగా స్థిరపడిన తెలుగువారు తమ సంఘాలకు, ఉత్సవాలకు సైట్లు రూపొందించుకునేటప్పుడు ఈ అంశం తప్పక ఎదురవుతుంది. ఒంపులే ప్రాణమైన తెలుగు లిపికి అంచుల నునుపు మరింత ముఖ్యం. ఆ నునుపును నిలిపేదీ, చెరిపేదీ ఫైలు ఫార్మాటే.

పారదర్శకత ఎలా పనిచేస్తుంది?

తెరపై బొమ్మ పిక్సెళ్లనే చిన్న చుక్కలతో ఏర్పడుతుంది. ప్రతి చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు ఉంటాయి. వీటికి తోడు నాలుగవదిగా ఉండే విలువే ఆల్ఫా. అది 0 అయితే చుక్క కనబడదు. 255 అయితే వెనుక రంగును పూర్తిగా కప్పివేస్తుంది. నడుమ విలువలు రెండు రంగులనూ కలుపుతాయి. ‘ఠ’, ‘ం’ వంటి గుండ్రని ఆకృతులు మెట్లుమెట్లుగా కాక నునుపుగా కనిపించడానికి ఈ నడుమ విలువలే ఆధారం.

జేపెగ్, జిఫ్

1992లో ప్రమాణంగా వెలువడిన జేపెగ్ ఫోటోలకు శ్రేష్ఠం. అయితే దానిలో పారదర్శకతకు తావు లేదు.

జిఫ్‌ను కంప్యూసర్వ్ సంస్థ 1987లో ప్రవేశపెట్టింది. 1989 నాటి రూపంలో పారదర్శకత చేరింది. ఒక చిత్రానికి 256 రంగులే పరిమితి. పైగా చుక్క ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకుంటే పూర్తిగా లేదు. అందుచేత అక్షరాల అంచులు గరుకుగా కనిపిస్తాయి. తెల్లని నేపథ్యంపై తయారైన జిఫ్‌ను ముదురు రంగుపై ఉంచితే చుట్టూ తెల్లని అంచు మిగులుతుంది.

పీఎన్‌జీ

జిఫ్‌లోని కుదింపు పద్ధతిపై పేటెంటు ఉన్నందున 1994 చివరలో యూనిసిస్ సంస్థ రుసుము కోరింది. అందుకు ప్రత్యామ్నాయంగా రూపొందినదే పీఎన్‌జీ. 1996 అక్టోబరులో దీనికి డబ్ల్యూ3సీ ఆమోదం లభించింది. ఇందులో 256 స్థాయిల పారదర్శకత సాధ్యం. ఎన్నిసార్లు భద్రపరచినా నాణ్యత తగ్గదు. 2001లో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 ఈ చిత్రాల వెనుక బూడిద రంగు చూపేది. 2006లో వచ్చిన 7వ రూపంతో ఆ చిక్కు తొలగింది. నేడు ఏ బ్రౌజరులోనైనా నిశ్చింతగా వాడదగినది ఇదే. కొద్ది రంగుల గుర్తులకు 256 రంగుల పీఎన్‌జీ వాడితే ఫైలు చిన్నదవుతుంది.

ఎస్‌వీజీ

2001లో ప్రమాణమైన ఎస్‌వీజీ చుక్కలను కాక గీతలను, ఒంపులను వర్ణిస్తుంది. కనుక ఎంత పెంచినా అంచు చెదరదు. గుర్తులకు, చిహ్నాలకు ఇది ఉత్తమం, ఫోటోలకు తగదు. తెలుగు అక్షరాలున్నప్పుడు ఒక జాగ్రత్త అవసరం. వాడిన ఫాంటు చూపరుల ఫోనులో లేకుంటే అక్షరాల రూపు మారిపోతుంది. అందుచేత భద్రపరచే ముందు అక్షరాలను ఆకృతి గీతలుగా మార్చాలి.

వెబ్‌పీ, ఏవీఐఎఫ్

గూగుల్ 2010లో ప్రకటించిన వెబ్‌పీ, 2019లో వెలువడిన ఏవీఐఎఫ్ రెండూ పారదర్శకతను చిన్న ఫైలులో ఇమిడ్చగలవు. నేపథ్యం తొలగించిన ఫోటోలకు ఇవి ఎంతో మేలు. ఆపిల్ సఫారీలో వెబ్‌పీకి 2020లో, ఏవీఐఎఫ్‌కు 2022లో చోటు దక్కింది. పాత ఫోన్లు వాడే ఇళ్లను దృష్టిలో ఉంచుకొని పీఎన్‌జీ ప్రతిని కూడా జతచేయడం మంచిది.

ఎంపిక సూత్రం

గీతలతో గీసిన గుర్తుకు ఎస్‌వీజీ. అది వీలుకాకుంటే పీఎన్‌జీ. నేపథ్యం తీసిన ఫోటోకు వెబ్‌పీ. నేపథ్యంతో కూడిన మామూలు ఫోటోకు జేపెగ్ చాలు. కొత్తగా చేసే స్థిర చిత్రానికి జిఫ్ అవసరం లేదు.

పాటించవలసిన జాగ్రత్తలు

• వాట్సాప్‌లో ఫోటోగా పంపిన చిత్రం జేపెగ్‌గా మారి పారదర్శకత పోతుంది. డాక్యుమెంటుగా పంపితే ఫైలు మారదు.

• నల్లని అక్షరాల పారదర్శక శీర్షిక, ఫోను చీకటి తెరలో ఉంటే కనబడకుండా పోతుంది. తెలుపు, నలుపు నేపథ్యాలు రెండింటిపైనా పరీక్షించాలి.

• జేపెగ్ ఫైలు పేరు చివర పీఎన్‌జీ అని మార్చినంత మాత్రాన పారదర్శకత రాదు. నేపథ్యాన్ని తొలగించి, మళ్లీ భద్రపరచాలి.

• ప్రతి చిత్రానికీ తెలుగులో ప్రత్యామ్నాయ పాఠం రాయాలి. లేకుంటే చూపులేనివారికి తెర చదివే సాధనం ఆ పేరు వినిపించలేదు.

అన్నింటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. వార్తలను, ఊరి చరిత్రను, సభ్యుల పేర్లను చిత్రాలుగా కాక యూనికోడ్ అక్షరాలుగానే ఉంచాలి. 1991 నాటి తొలి యూనికోడ్‌లోనే తెలుగుకు స్థానం ఉంది. బొమ్మలో బంధించిన అక్షరాన్ని వెతుకులాట యంత్రాలు నమ్మకంగా గుర్తించలేవు. తెలుగు బడి అందుబాటులో లేని సరిహద్దు పల్లె నుంచి దూరదేశం వెళ్లిన మనుమడు తాతల ఊరి పేరును తెలుగులో వెతికితే అది దొరకాలి. అలంకారానికి బొమ్మ, సమాచారానికి అక్షరం అన్న విభజన పాటిస్తేనే అది సాధ్యం.