మిత్రుల మాట తేడా - మన సీమ కట్టిన మూల్యం



రెండు దేశాలు స్నేహంగా వుంటూనే ఏదో ఒక విషయంలో విభేదించడం, రాయబారులు అటూ ఇటూ తిరగడం, కొన్నాళ్ళకు కొత్త ఒప్పందం మీద సంతకాలు కావడం మనం పేపర్లలో తరచుగా చదువుతుంటాము. అదంతా ఢిల్లీకీ, వాషింగ్టన్‌కూ, మాస్కోకూ సంబంధించిన వ్యవహారమనీ, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వాళ్ళకు దానితో పని లేదనీ అనుకొంటాము. కానీ మన సీమ 1800లో ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయింది యుద్ధంలో ఓడిపోయినందువల్ల కాదు. ఇద్దరు మిత్రుల మధ్య 1795లో వచ్చిన ఒక మాట తేడా, ఐదేండ్ల తర్వాత వాళ్ళు కుదుర్చుకొన్న రాజీ దానికి కారణం. ఆ మిత్రులలో ఒకరు హైదరాబాదు నిజాం, రెండవవారు ఈస్టిండియా కంపెనీ.

ఆంబోతుల పోట్లాటలో లేగదూడలు నలిగినట్లు అని సామెత. పోట్లాటలోనే కాదు, రాజీలో కూడా లేగదూడలే నలుగుతాయని మన జిల్లా చరిత్ర చెబుతుంది.

స్నేహం ఎట్లా మొదలైంది

నిజాం అలీఖాన్ 1762లో గద్దెనెక్కినాడు. 1766లో కంపెనీతో ఒడంబడిక చేసుకొన్నాడు. కోస్తాలోని ఉత్తర సర్కారులను కంపెనీకి వదలడం, అందుకు కంపెనీ ఏటా పేష్కషు చెల్లించడం, అవసరానికి సైన్యం పంపడం అందులో ముఖ్యాంశాలు. 1768లో దాన్ని మళ్ళీ తిరగరాసినారు. 1789లో గవర్నర్ జనరల్ కారన్‌వాలీసు నిజాంకు ఒక ఉత్తరం వ్రాసినాడు. రెండు పటాలాలను నిజాం కోరినప్పుడు వాడుకోవచ్చును గాని, కంపెనీకి స్నేహితులైన వారి మీద మాత్రం నడిపించరాదు అన్నది దాని సారాంశం. ఆ స్నేహితుల జాబితాలో మరాఠాలు కూడా వున్నారు. ఈ ఒక్క షరతులోనే తర్వాతి తగవంతా దాగి వున్నది.

1790లో కంపెనీ, నిజాం, పీష్వా ముగ్గురూ కలిసి టిప్పు సుల్తాను మీద యుద్ధానికి పోయినారు. 1792లో శ్రీరంగపట్నం సంధి జరిగింది. టిప్పు వదులుకొన్న భూముల్లో కడప, గండికోట ప్రాంతాలు నిజాం వాటాకు వచ్చినాయి. అంతకుముందు 1779లో హైదరాలీ కడప మయానా నవాబులను ఓడించి ఈ సీమను మైసూరులో కలుపుకొన్నాడు. పెన్న ఒడ్డున వున్న మన ఊర్ల వాళ్ళు మయానా నవాబుకు ఒకసారి, మైసూరుకు ఒకసారి, నిజాంకు ఒకసారి శిస్తు కట్టినారు. 1800 నాటికి కంపెనీ వచ్చింది. ఇరవై రెండేండ్లలో నాలుగు సర్కార్లు!

మాట తేడా

టిప్పు భయం తగ్గగానే మరాఠాలు నిజాంను పాత చౌతు బాకీలు అడగడం మొదలుపెట్టినారు. లెక్క తేలలేదు, యుద్ధం తప్పేట్లు లేదు. నిజాం కంపెనీ వైపు చూసినాడు. టిప్పు మీద కలిసి యుద్ధం చేసినాము, ఇప్పుడు నాకు ఆపద వచ్చింది, ఆదుకోండి అని ఆయన వాదన. అప్పటి గవర్నర్ జనరల్ సర్ జాన్ షోర్ ఒప్పుకోలేదు. మరాఠాలు కూడా మాకు మిత్రులే, ఇద్దరు మిత్రులు తగవు పడితే మేము ఎవరి పక్షమూ వహించము, పైగా ఇండియాలో కొత్త యుద్ధాలకు దిగరాదని మా పార్లమెంటు చట్టమున్నది అని ఆయన వాదన.

నిష్పక్షపాతంగా చూస్తే ఇద్దరి మాటలోనూ న్యాయం వున్నది. కాగితం ప్రకారం షోర్ చెప్పింది సరి. స్నేహధర్మం ప్రకారం నిజాం అడిగింది సరి.

1795 మార్చిలో ఖర్దా దగ్గర యుద్ధం జరిగింది. ఆ ఊరు ఇప్పటి మహారాష్ట్రలో పూర్వపు అహమదునగరం వైపు వున్నది. నిజాం ఓడిపోయి ఖర్దా కోటలో చిక్కుకొన్నాడు. మూడు కోట్ల రూపాయలు చెల్లించడానికీ, దౌలతాబాదు వంటి భూములు వదలడానికీ ఒప్పుకోవలసి వచ్చింది. ప్రధానమంత్రి అజీముల్ ఉమరాను మరాఠాలకు అప్పగించవలసి వచ్చింది. కంపెనీ పటాలాలు రెండూ ఆ యుద్ధానికి పోలేదు. పక్కనే వుండి పనికిరాని సైన్యానికి జీతమెందుకని నిజాం వాటిని పంపించివేసినాడు.

ఫ్రెంచివాడి పటాలం కడపకు వచ్చింది

ఇక్కడనే మన జిల్లా కథలోకి వస్తుంది. నిజాం కొలువులో రేమండ్ అనే ఫ్రెంచి సేనాని వుండేవాడు. ఇంగ్లీషు వాళ్ళు పోగానే నిజాం రేమండ్ సైన్యాన్ని పెంచినాడు. వాళ్ళ జీతాలకు కొన్ని భూముల రాబడి కేటాయించి, ఒక భాగాన్ని కడప సీమకు పంపించినాడు.

కంపెనీ వాళ్ళకు గుండెల్లో రాయి పడింది. అప్పటికే రెండేండ్లుగా ఐరోపాలో ఫ్రాన్సుకూ ఇంగ్లండుకూ యుద్ధం నడుస్తున్నది. కడప దాటితే ఆర్కాటు నవాబు సీమ, ఆ తర్వాత మద్రాసు. ఫ్రెంచి అధికారుల కింద వున్న సైన్యం అంత దగ్గరలో వుంటే, ఓడల్లో ఫ్రెంచివాళ్ళు దిగినప్పుడు ఇద్దరూ కలిసిపోతారని వాళ్ళ అనుమానం. షోర్ ప్రభుత్వం గట్టిగా అభ్యంతరం చెప్పింది. ఆ సైన్యాన్ని వెనక్కు పిలవకపోతే తమ సైన్యాన్ని సరిహద్దుకు నడిపిస్తామనే వరకూ పోయింది. తన రాజ్యంలో తన సైన్యాన్ని ఎక్కడ పెట్టుకోవాలో కూడా మిత్రుణ్ణి అడగాలా అన్నది నిజాం పక్షం. తగవు ముదిరే సమయానికి, అదే 1795 జూన్ చివర, నిజాం కుమారుడు అలీజా తండ్రి మీద తిరగబడినాడు. నిజాం హడావిడిగా రేమండ్‌ను వెనక్కు పిలిపించి ఆ తిరుగుబాటు అణచినాడు. అదే సమయంలో పంపించివేసిన ఇంగ్లీషు పటాలాలనూ తిరిగి రమ్మన్నాడు. ఆ విధంగా కడప గొడవ తాత్కాలికంగా సద్దుమణిగింది.

ఆనాడు మన సీమలో చేలు దున్నుకొంటున్న రైతులకు తమ ఊర్ల మీదుగా నడిచిన ఆ పటాలం గురించి కలకత్తాలో ఉత్తరాలు నడుస్తున్నాయని తెలిసే అవకాశం లేదు.

రాజీ - దాని ఖర్చు

1798లో పరిస్థితి మారింది. మార్చిలో రేమండ్ చనిపోయినాడు. హైదరాబాదులో మూసారాంబాగు దగ్గర ఆయన సమాధి ఇప్పటికీ వున్నది. షోర్ స్థానంలో వెలస్లీ గవర్నర్ జనరల్‌గా వచ్చినాడు. పూనా నుంచి విడుదలై వచ్చిన అజీముల్ ఉమరా ఇంగ్లీషు స్నేహమే మేలనే పట్టుదలతో వున్నాడు. 1798 సెప్టెంబరు 1న కొత్త ఒడంబడిక జరిగింది. రెండు పటాలాలు ఆరు అయినాయి. వాటి ఖర్చుకు నిజాం ఏటా 24,17,100 రూపాయలు, అంటే నెలకు 2,01,425 రూపాయలు చెల్లించాలి. ఫ్రెంచి అధికారులను తీసివేయాలి. అక్టోబరులో హైదరాబాదులో ఫ్రెంచి పటాలాన్ని చుట్టుముట్టి, పది వేలకు పైబడిన సిపాయిల చేత రక్తపాతం లేకుండా ఆయుధాలు దింపించినారు. కంపెనీ రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్ ఈ పనంతా నడిపించినాడు.

1799 మే 4న శ్రీరంగపట్నంలో టిప్పు చనిపోయినాడు. గుర్రంకొండ, గుత్తి వంటి భూములు మళ్ళీ నిజాం వాటాకు వచ్చినాయి. అవి చేతిలో నిలిచింది ఏడాదిన్నర కూడా కాదు. 1800 అక్టోబరు 12న మరొక ఒడంబడిక జరిగింది. కంపెనీ సైన్యం ఎనిమిది పటాలాల కాలిబలానికీ, రెండు రెజిమెంట్ల గుర్రపు బలానికీ పెరిగింది. నిజాంను ఎవరు తాకినా కంపెనీ అడ్డుపడుతుంది. దానికి బదులుగా ఇకమీద నెలనెలా రొక్కం అక్కరలేదు, 1792లో, 1799లో నిజాంకు వచ్చిన భూములను కంపెనీకి శాశ్వతంగా వదిలివేయాలి. పాఠాల్లో చదువుకొన్న సైన్య సహకార పద్ధతి అంటే ఇదే.

నేను ఉద్యోగమంతా తాలూకాఫీసు కాగితాల మధ్య గడిపినవాణ్ణి. ఏ దస్తావేజు చూసినా నా కన్ను ముందు ఆఖరున వుండే షెడ్యూలు మీదికే పోతుంది. పై పేరాలలో శాశ్వత మైత్రి, ఐకమత్యం అని వుంటుంది. ఏమి ఇచ్చినారో తెలిసేది షెడ్యూలులోనే. ఆ ఒడంబడిక చివరి జాబితా మన జిల్లా.

మన పెన్షనర్లకు సులభంగా అర్థమయ్యే మాటలో చెప్పాలంటే నిజాం చేసింది కమ్యూటేషన్. నెలనెలా కట్టవలసినదానికి బదులు ఒక్కసారిగా ఆస్తి ఇచ్చివేసినాడు. మనకు పదిహేనేండ్లు నిండితే కోసిన భాగం తిరిగి పెన్షన్‌లో కలుస్తుంది. ఆయనకు ఆ వెసులుబాటు లేదు. పోయిన సీమ తిరిగి రాలేదు.

ఇంకొక షరతు వున్నది. ఇకమీద కంపెనీకి ముందుగా తెలిపి, సంప్రదించకుండా నిజాం ఏ ఇతర రాజ్యంతోనూ మంతనాలు జరపరాదు. ఇతర రాజ్యాలతో తగవు వస్తే కంపెనీ తీర్పుకు ఒప్పుకోవాలి. 1795లో నిజాం మిత్రుడి మాట కాదని తనకు తోచిన దారి పట్టగలిగినాడు. 1800 తర్వాత ఆ అవకాశమే లేదు. భూమి పోవడం కన్నా ఇది పెద్ద నష్టమని నా అభిప్రాయం. అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ తర్వాత మరాఠాల భయం ఆయన రాజ్యానికి తప్పింది. కొనుక్కొన్న రక్షణ దొరికింది. ధర మాత్రం పెన్న ఒడ్డు చెల్లించింది.

మన ఊర్లకు వచ్చిన మార్పు

1800 చివరలో థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చినాడు. ఇప్పటి బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు జిల్లాలోని కొంత భాగం ఆయన కింద వుండేవి. పులివెందుల దగ్గర వేముల మొదలుకొని సీమంతటా ఎనభై మంది దాకా పాలెగాళ్ళు వుండేవారు. వాళ్ళ సైన్యాలను రద్దు చేసి, కొందరికి పింఛన్లు ఇచ్చినారు. భూములు కొలిపించి, రైతు పేరున పట్టా ఇచ్చే రైత్వారీ పద్ధతిని ఇక్కడ నడిపించినారు. మనలో రెవెన్యూ శాఖలో పనిచేసిన వారందరమూ ఆ పద్ధతి నీడలోనే అన్నం తిన్నాము.

పద్ధతి మంచిదే, పన్ను ఎక్కువ. ఆ మాట మన్రోనే చెప్పినాడు. 1807లో సెలవు మీద పోయే ముందు వ్రాసిన నివేదికలో శిస్తు నూటికి 25 వంతున తగ్గించాలని సిఫారసు చేసినాడు. మద్రాసు ప్రభుత్వం అప్పుడు వినలేదు. పైగా రైత్వారీ తీసివేసి గ్రామాలను గుత్తకిచ్చింది, మూడేండ్లకు ఒకసారి, తర్వాత పదేండ్లకు. గుత్తలు దెబ్బతిన్నాయి. మన్రో 1820లో మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చిన తర్వాత గాని ఆ తగ్గింపు అమలుకు రాలేదు. సైన్యం ఖర్చుకని ఇచ్చిన సీమ కాబట్టి వసూలు మీదనే ముందు దృష్టి. 1808లో ఈ మండలాలను బళ్ళారి, కడప అని రెండు జిల్లాలు చేసినారు.

పాలెగాళ్ళ పింఛన్ల తగవు కూడా తేలికగా పోలేదు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు వెనుక నొస్సం వారి పింఛను వాటా నిరాకరించిన సంగతి వున్నది. అప్పుడు కోయిలకుంట్ల ప్రాంతం కడప జిల్లాలోనే వుండేది.

ఆ స్నేహం చివరికి ఏమైంది

నిజాం వంశానికి ఇదే అనుభవం రెండవసారి జరిగింది. సైన్యం ఖర్చు బాకీల కింద 1853లో బేరారును కంపెనీకి అప్పగించవలసి వచ్చింది. 1902లో దాన్ని ఏడాదికి 25 లక్షల రూపాయల శాశ్వత కౌలుగా మార్చినారు. మొదటి ప్రపంచ యుద్ధంలో చేసిన సహాయానికి మెచ్చి 1918లో ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్‌కు బ్రిటిషు ప్రభుత్వపు విశ్వాసపాత్రుడైన మిత్రుడు అనే బిరుదిచ్చినారు. ఆ బిరుదు చూసుకొని ఆయన బేరారు తిరిగి ఇమ్మని అడిగినాడు. 1926 మార్చిలో వైస్రాయి లార్డ్ రీడింగ్ జవాబు వ్రాసినాడు. ఇండియాలో బ్రిటిషు సార్వభౌమత్వమే సర్వోన్నతమనీ, ఏ సంస్థానాధిపతీ సమాన స్థాయిలో సంప్రదింపులు జరిపే హక్కు కోరరాదనీ దాని తాత్పర్యం. బిరుదు మిత్రుడని, జవాబు నౌకరుకు ఇచ్చినట్లు.

మిత్రదేశాల మధ్య విభేదం రావడం తప్పు కాదు, వింత కాదు. విభేదం తీరిన తర్వాత రెండు పక్షాలకూ మళ్ళీ విభేదించే హక్కు మిగిలిందా లేదా అన్నది చూడాలి. మిగిలితే అది స్నేహం. ఒకరికే మిగిలితే అది కొలువు. ఈనాడు ఏ రెండు దేశాలు రాజీ పడినాయని పేపర్లో చదివినా, ఈ కొలమానంతో చూస్తే సంగతి తెలుస్తుంది. ఆ రాజీ షెడ్యూలులో ఎవరి ఊర్లున్నాయో కూడా చూడాలి.

నూట ఇరవై ఎనిమిదేండ్ల పాటు మనకు దత్తమండలాలు అనే పేరు నిలిచింది. ఇచ్చినవాడినీ పుచ్చుకొన్నవాడినీ గుర్తుచేసే పేరే గాని, మనలను గుర్తుచేసే పేరు కాదు. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభల్లో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అనే పేరు ప్రతిపాదించినారు, సభ ఆమోదించింది. ఆ పేరు మనం పెట్టుకొన్నది.

కర్నల్ మెకంజీ సేకరింపజేసిన కడప జిల్లా కైఫియత్తులను కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం వారు సంపుటాలుగా అచ్చువేసినారు. అవి ఆ కాలంలో గ్రామాల వారు చెప్పగా వ్రాసుకొన్న వృత్తాంతాలు. సెలవులకు మనుమలు, మనుమరాండ్లు వచ్చినప్పుడు మన ఊరి కైఫియత్తు ఒకటి చదివి వినిపించవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.

సెలవు.