లోహపు రేకునే శిల్పంగా మలచిన కృష్ణారెడ్డి

మార్కాపురం పలకపై బలపంతో గీసిన గీత తుడిస్తే చెరిగిపోతుంది. గీతకు లోతునిచ్చి, ఆ లోతుల నుంచే రంగులు రప్పించిన తెలుగు నైరూప్య కళాకారుడు కృష్ణారెడ్డి. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో 1925లో జన్మించిన ఆయన శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ వద్ద చిత్రకళను, లండన్‌లో హెన్రీ మూర్ వద్ద, పారిస్‌లో జాడ్కిన్ వద్ద శిల్పకళను అభ్యసించారు. అనంతరం పారిస్‌లో హేటర్ నడిపిన ‘అటెలియర్ 17’ ముద్రణశాలలో చేరారు.

అచ్చు చిత్రాలకు సాధారణంగా రంగుకొక రేకు అవసరమయ్యేది. కృష్ణారెడ్డి సహచరులతో కలసి ఈ పద్ధతిని మార్చారు. శిల్పి వలె రేకును వేర్వేరు లోతుల్లో చెక్కి, నూనె పాళ్లు భిన్నంగా ఉన్న సిరాలను మెత్తని, గట్టి రోలర్లతో అద్దేవారు. ఆ సిరాలు ఒకదానిలో ఒకటి కలవవు కనుక ఒకే రేకు నుంచి ఒకేసారి పలు రంగులు అచ్చయ్యేవి. 1963 నాటి ‘వర్ల్‌పూల్’ (సుడిగుండం) ఇందుకు నిదర్శనం. 1972లో పద్మశ్రీ పురస్కారం పొందిన ఆయన 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశారు.